నాచు పట్టిన మద్ది

ఇరవై రెండేళ్ళుగా నా కుడిచేతి బొటనవేలు నాకు మోయలేని బరువైపోయింది. నవ్వకండి. వేలికి జబ్బేమీ లేదు. ఇప్పటికీ ఉలి పట్టుకుంటే పట్టు సడలదు. కానీ ఈ వేలితోనే నేనొక మనిషి బతుకు తుడిచేశాను. ఆ సంగతి మొన్నమొన్నటి దాకా ఒక్క ప్రాణికీ చెప్పలేదు. మా ఆవిడ పోయేముందు నా చెయ్యి పట్టుకుని "ఏదో దాస్తన్నారండీ మీరు" అంది. అప్పుడూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనివ్వను. అలాగైతేనే నా నోరు పెగిలేలా ఉంది.

అయినా మీరు ఇది చదివి ఎవరితో చెబుతారో, ఎందుకు చెబుతారో అని ఇప్పుడే ఒక శంక పుట్టింది. చూశారా? అదీ నా గుణం. ముందు దాన్ని గురించి చెప్పకపోతే మిగిలినదేదీ మీకు అర్థం కాదు.

నేను పుట్టు అనుమానపు మనిషిని. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఏం కావాలో అనుకుంటాను. పలకరించకపోతే వెనకాల ఏమన్నాడో అనుకుంటాను. పొరుగింటివాళ్ళు చేప పులుసు పంపిస్తే, మిగిలిపోయిందా, పాడైపోయిందా అని వాసన చూసేవాణ్ణి. "మీ నీడ మీ వెనకాలొస్తే, ఎందుకొస్తన్నావే అని దాన్నీ అడుగుతారండీ మీరు" అని మా ఆవిడ వెక్కిరించేది. నాకు కోపం వచ్చేది. ఆ మాట వెనకాల కూడా ఇంకేదో ఉందనుకునేవాణ్ణి.

నేను ఓడలు కట్టే వడ్రంగిని. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, అంతర్వేది పక్క, ఒక ఉప్పుటేటి గట్టున మా కొట్టాలు ఉన్నాయి. ఊరి పేరు చెప్పను. ఓడకి కావలసిన మానులు మా దగ్గర పుట్టవు. మా దగ్గర పుట్టేవి కొబ్బరి, తాడి, ఏటి ఒడ్డున మడచెట్లు. మద్ది కావాలంటే పాపికొండల అవతలి అడవుల్లోంచి రావాలి. అక్కడ కొట్టి, మానుల్ని తెప్పగా కట్టి, వాటి మీదే వండుకుని తింటూ గోదావరి పొడుగునా దించుకొస్తారు. ధవళేశ్వరం దాటి, కొత్తపేట దాటి, రాజోలు దాటి మా దాకా వస్తారు.

వచ్చిన మాను మంచిదో కాదో తేల్చడానికి మా తాతల నాటి పద్ధతి ఒకటుంది. ఒక్కొక్క మాను నుంచి మూరెడు చెక్క కోసి, ఏటి అంచున పాతిన గుంజకి కడతాం. పోటుకి అది మునుగుతుంది, ఆటుకి బయటపడుతుంది. పౌర్ణమికి కడితే మళ్ళీ పౌర్ణమి దాకా అలాగే ఉంచుతాం. ఈలోగా దాని మీద సముద్రపు నాచు పడుతుంది. మంచినీళ్ళ చెరువులో ఉండే పాచి కాదు, ఉప్పునీటి నాచు. పచ్చగా, మెత్తగా, పసిపిల్లల జుట్టులా ఉంటుంది. నెల తిరిగాక నలుగురి ముందూ పెద్ద మేస్త్రి ఆ చెక్క మీద బొటనవేలితో ఒక్కసారి గట్టిగా రాస్తాడు. నాచు లేకపోయినా, ఉన్నది జారిపోయినా అది గట్టి కర్ర. దట్టంగా పట్టి, రాసినా ఊడకపోతే మెత్తన కర్ర, రేపు పురుగు తొలిచేస్తుంది, ఓడకి పనికిరాదు. అంతే. దాని మీద ఇంక అప్పీలు లేదు.

మా నాన్న పోయాక ఆ పెద్దరికం నాకు వచ్చింది. అప్పటికి నాకు ముప్పై దాటాయో లేదో. నా వేలు చెప్పిన మాటకి ఓడలవాళ్ళు తలొంచేవారు. కపిలేశ్వరపురం నుంచి కూడా చెక్క పట్టుకొచ్చి "మేస్త్రిగారి వేలు పడాలండి" అని కూర్చునేవారు. ఆ మాట వింటుంటే ఎంత బాగుండేదో! మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది నాకు. అయినా దాన్ని ఎవరో లాగేసుకుంటారని భయం.

ఆ ఏడు ఒక నాయుడుగారు ఉప్పు రవాణాకి పెద్ద ఓడ కట్టించాలని పూనుకున్నారు. రెండు తెప్పలు వచ్చాయి. ఒకటి మా బావమరిదిది. రాజమహేంద్రవరంలో కొని దించుకొచ్చాడు. రెండోది సింగన్నది.

సింగన్న కొండమనిషి. పోలవరానికి పైన ఎక్కడో వాళ్ళ ఊరు. అప్పట్లో నేను "వాడు" అనేవాణ్ణి. ఇప్పుడు అనలేకపోతున్నాను. బక్కపలచగా ఉండేవాడు, మాట నెమ్మది. అంతకుముందు రెండేళ్ళు మాకు మంచి మానులే తెచ్చాడు. కార్తీకంలో తెప్ప దింపి, ఈసారి వెనక్కి వెళ్ళకుండా, మా కొట్టం పక్కనే చిన్న పాక వేసుకుని నా దగ్గరే రంపం లాగాడు. మా ఇంటి నుంచే అన్నం వెళ్ళేది. తిన్నాక ఆకు మడిచి, "అమ్మగారితో చెప్పండి, కడుపు నిండిందని" అనేవాడు. రోజూ అదే మాట. రోజూ ఎందుకంటున్నాడా అని నేను ఆలోచించేవాణ్ణి.

ఆ ఏడు అతని మానులు చూసిన మొదటి రోజే నా కన్ను వాటి కొసల మీద పడింది. ప్రతి మానుకీ రెండు కొసలూ కొత్తగా కోసి ఉన్నాయి. అడవిలో గొడ్డలితో కొట్టిన కొసలు కావవి. దారిలో ఎక్కడో రంపంతో కోసినవి. ఎందుకు కోశాడు? మొదలు లావుగా ఉన్న మంచి భాగం ధవళేశ్వరంలో ఎవరికో అమ్మేసి, మిగిలింది మనకి తెచ్చాడా? పుచ్చు దాచడానికా? అడిగితే పోయేది. అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడని ముందే తీర్మానించుకున్నాను. అదే రోజు సాయంత్రం అతను నాయుడుగారి పక్కన నిలబడి ఆ కొసలే చూపించి ఏదో చెబుతున్నాడు. ఆయన తల ఊపుతున్నారు. నాతో చెప్పకుండా ఆయనతో ఏం మాట? మేస్త్రిని నేనా, అతనా?

ఆ రాత్రి నుంచి అతను ఎవరితో మాట్లాడినా నా చెవి అటే వేసేవాణ్ణి.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం గురించి చెప్పాలి. ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు, ప్రతి మాటా నాకు నోటికి వచ్చు. ఆటు సమయం. ఏరు బాగా లోపలికి పోయింది. నేను గుంజలు సరిచేస్తున్నాను. సింగన్న ఒక మాను మీద కూర్చుని చుట్ట కాలుస్తూ గుంజల కేసే చూస్తున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు.

"మీ నాచూ మా మానూ ఒక్కటేనండి మేస్త్రిగారూ."

"ఏవిటోయ్ ఒక్కటే?" అన్నాను. "మూడు తరాలు నిలిచే మద్ది ఎక్కడ, వేలితో రాస్తే పోయే నాచు ఎక్కడ?"

"ఆయ్, నిలవడంలో తేడా ఉందండి. మానుకి వేళ్ళున్నాయి, మట్టి కావాలి. మీ నాచుకి వేరన్నదే లేదు. రాయి దొరికితే రాయి, గుంజ దొరికితే గుంజ, ఏది దొరికితే దాన్ని అంటుకుని నీళ్ళలో ఊగతాది. పువ్వు లేదు, కాయ లేదు. మాకు మాను పెరగాలంటే తాత నాటి నించీ చూడాలి, ఇది మొన్న లేదు ఇవాళుంది. కానండీ, రెండిటికీ ఆకలి ఒకటే."

"నాచుకి ఆకలేవిటయ్యా?"

"ఎండండి." చుట్ట నోట్లోంచి తీసి చూపించాడు. "మా కొండ మీద పెద్ద మద్ది కింద ఓ పిల్ల మద్ది ఉండేదండి. నా చిన్నప్పుడు నా మోకాలంత. నాకు పెళ్ళయ్యేటప్పటికీ అంతే. చావదు, ఎదగదు. నీడలో అలాగే కాసుక్కూచుంది. ఓ ఏడు గాలికి పెద్ద మాను పడిపోయింది. ఎండ పడింది. రెండు వానలు తిరిగేసరికి నా తల దాటేసిందండి! ఇదీ అంతే. ఆ గుంజ చూడండి. దక్షిణం పక్క పచ్చగా ఉంది, ఉత్తరం పక్క బోడిగా ఉంది. ఒకే గుంజ కదండీ? అక్కడ మడచెట్టు కింద గుంజకైతే ఏవీ లేదు. కర్ర మంచిదో చెడ్డదో దానికేం తెలుసండీ, పాపం. ఎండ ఎక్కడుంటే అక్కడ తింటాది."

నేను పెద్దగా నవ్వేశాను. "కొండ కబుర్లు కట్టిపెట్టి రంపం పట్టు" అన్నాను. అతనూ నవ్వి లేచాడు. అంతే ఆ సంభాషణ. నలుగురూ విన్నదీ కాదు.

నవ్వాను గానీ, అతను అటు వెళ్ళగానే ఆ గుంజ చుట్టూ తిరిగి చూశాను. గుంజకి దక్షిణం పక్కే నాచు ఉంది. ఉత్తరం పక్క లేదు. పుట్టినప్పటి నుంచీ ఆ గుంజల మధ్యే తిరిగాను, ఎప్పుడూ చూడలేదు! కొండ మీద పుట్టి, ఉప్పునీళ్ళ ముఖం చూసి మూడేళ్ళు కాని మనిషి చూశాడు. అడవిలో చెట్టుని చూసిన కంటితో ఏట్లో నాచుని చూశాడు. నాకేమో రెండూ రెండు లోకాలు. ఒకటి పైనుంచి వచ్చే సరుకు, ఇంకొకటి వేలితో రాయాల్సిన మురికి.

నిజంగా మంచివాణ్ణయితే అప్పుడేం చెయ్యాలి? "సింగన్నా, నువ్వు చెప్పింది పరీక్ష చేద్దాం" అని నలుగురినీ పిలవాలి. నేనేమనుకున్నానో తెలుసా? ఇది నాకెందుకు చెప్పాడు అనుకున్నాను. ఊరికే ఎవడైనా ఇంత మాట చెబుతాడా? కొసలు కోసిన మానులు తెచ్చాడు, రేపు చెక్కకి నాచు పడితే "అది ఎండ వల్లండి" అనడానికి ఇప్పటి నుంచే దారి వేసుకుంటున్నాడు. కాదు, అంతకంటే పెద్ద ఎత్తే ఉంది, నా వేలికున్న విలువ తీసేస్తే ఆ తరవాత నాయుడుగారు కర్ర గురించి ఎవరినడుగుతారు, ఇతన్నే కదా, అందుకే ఆ సాయంత్రం గుసగుసలాడాడు, అందుకే ఊరెళ్ళకుండా నా కొట్టం పక్కన పాక వేశాడు, అందుకే రోజూ కడుపు నిండిందంటాడు! ఇలా ఒకదానికొకటి అతుక్కుపోయింది. అనుమానానికి ఎంత చక్కని అల్లిక ఉంటుందో అది పట్టినవాడికే తెలుస్తుంది. ఒక్క పోగు కూడా బయటికి వేలాడదు.

అయితే నిజమో కాదో చూడాలి కదా. ఎవరూ పోని ఏటి మలుపులో ఒక మద్ది చెక్క కట్టాను. ఒకటే చెక్క. సగానికి తాటాకు వదులుగా చుట్టాను, నీళ్ళు తగిలేలా, ఎండ తగలకుండా. మార్గశిరమంతా ఉంచాను. విప్పి చూస్తే, ఎండ తగిలిన సగం పచ్చగా దట్టంగా ఉంది. వేలితో ఎంత రాసినా ఊడలేదు. తాటాకు కింద సగం కడిగిన కంచంలా ఉంది. ఒకే మాను, ఒకే చెక్క, ఒకే నీళ్ళు.

అంటే మా తాత చెప్పింది, మా నాన్న చెప్పింది, నేను చెప్పిందీ అంతా ఎండా నీడా. మా వేళ్ళ కింద ఎన్ని మంచి మానులు పోయాయో, ఎన్ని చెడ్డవి నెగ్గాయో! బురదలో అలాగే చతికిలబడ్డాను. ఏడవాల్సిందే. కానీ నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పనా? సిగ్గు విడిచి చెబుతున్నాను. "ఇది నాకూ సింగన్నకీ తప్ప ఎవరికీ తెలియదు." అదీ నా ఆలోచన. ఆ చెక్కని విరిచి, ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టించాను. మా ఆవిడ "ఉప్పు చెక్క పొయ్యిలో చిటపటలాడతందండీ, ఎందుకు తెచ్చేరు?" అంది. నేను కసిరాను.

పుష్య పౌర్ణమికి నాయుడుగారి ఓడకి చెక్కలు కట్టాలి. ఏ చెక్క ఏ గుంజకో చెప్పేది మేస్త్రే. అది ఎప్పుడూ ఎవరూ పట్టించుకోని విషయం. నేను ఆ ముందురోజు రెండు కొత్త గుంజలు పాతాను. ఒకటి గట్టు దగ్గర, మడచెట్టు కింద, ఎప్పుడూ నీడ ఉండే చోట. రెండోది బయటికి, ఏటి వైపు, పొద్దస్తమానం ఎండ పడే చోట. మా బావమరిది చెక్క లోపలి గుంజకి, సింగన్న చెక్క బయటి గుంజకి. కట్టినవాళ్ళు పనివాళ్ళు. నేను ముట్టుకోలేదు. నేను చెక్కని ముట్టుకోలేదు, నాచుని అంటించలేదు, ఒక్క అబద్ధపు మాట కూడా ఆడలేదు అని ఇరవై రెండేళ్ళు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చోటు చూపించాను, అంతేగా! ఎంత బాగుందో చూడండి ఆ "అంతేగా".

సింగన్న ఆ రోజు రాజోలు వెళ్ళాడు, తాళ్ళు తేవడానికి. వచ్చాక చూశాడేమో, చూడలేదేమో తెలియదు. చూసి ఉంటే ఎందుకు ఊరుకున్నాడు? నేను సరిగ్గానే చేస్తానని నమ్మాడా? నా దగ్గర రెండు నెలలు అన్నం తిన్నవాడు నన్ను నమ్మడం మరీ వింతేమీ కాదు. కానీ అప్పుడు నాకు అదీ ఎత్తుగడే అనిపించింది. చివర్న అందరి ముందూ లేచి నన్ను పట్టిస్తాడని ఆ నెల్లాళ్ళూ నిద్ర లేదు. ముందే జవాబులు సిద్ధం చేసుకున్నాను. "కొసలెందుకు కోశావ్?" అని ఎదురడుగుదామనుకున్నాను.

మాఘ పౌర్ణమి నాటి పొద్దున ఆటుకి అందరూ వచ్చారు. నాయుడుగారు గొడుగు కింద నిలబడ్డారు. మా బావమరిది చెక్క మీద వేలు రాశాను. నున్నగా ఉంది. "బాగుంది" అన్నారు జనం. సింగన్న చెక్క దగ్గరికి వెళ్ళాను. దాని మీద నాచు జీరలు జీరలుగా వేలాడుతోంది. వేలితో రాశాను. ఊడలేదు. గోరు కింద పచ్చగా అంటుకుంది. చెయ్యి ఎత్తి అందరికీ చూపించాను. "అయ్యయ్యో" అన్నారు ఎవరో. ఇంకెవరో నవ్వారు.

సింగన్న చెక్కని చూడలేదు. ముందు సూర్యుడి కేసి చూశాడు. తరవాత మడచెట్టు కేసి, ఆ తరవాత నా కేసి చూశాడు. అతనికి తెలిసిపోయింది. అతను చెప్పిన మాటే తీసుకుని అతన్నే కొట్టానని తెలిసిపోయింది. నేను జవాబులన్నీ నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. అతను తలపాగా విప్పి, భుజాన వేసుకుని, "మేస్త్రిగారి మాటే మాటండి" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఎందుకనలేదు? ఇన్నేళ్ళూ అదే ప్రశ్న. నన్ను కాపాడాడా? ఎవరూ నమ్మరని తెలుసా? అసహ్యం వేసిందా? కోపంతో నా మీదికి వచ్చి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. నా అనుమానమే నిజమని జీవితాంతం హాయిగా ఉండేవాణ్ణి.

అతని మానులు ఓడకి వద్దన్నారు. అయినకాడికి రేవు మెట్ల పక్క గుంజలుగా పాతడానికి తీసుకున్నారు. ఓ నెల పోయాక నాయుడుగారు మాటల్లో అన్నారు: "మంచోడేనయ్యా పాపం. కొండల్లో రాళ్ళకి కొట్టుకుని మానుల కొసలు పగిలేయంట. పగిలింది మీకు కట్టబెట్టకూడదని తనే కోసేసేనని మొదటి రోజే నాకు చెప్పేడు. ఏం చేస్తాం, కర్రే మెత్తన." నేను ఏమన్నానో తెలుసా? "అవునండి" అన్నాను.

ఓడ మునిగిందని చెబుతానని చూస్తున్నారేమో. మునగలేదు. మా బావమరిది కర్రకి రెండో ఏటికే పురుగు తగిలితే చడీచప్పుడు లేకుండా పలకలు మార్చాను. ఓడ చాలాకాలం తిరిగింది. నాకు పేరు పెరిగింది. రేవులో పాతిన సింగన్న మానులకి మాత్రం ఇవాళ్టికీ పురుగు లేదు. వాటికి నాచు పట్టిందని చూపించి, "అప్పుడే చెప్పేరు మేస్త్రిగారు, మెత్తన కర్రని" అంటారు జనం, ఆ కర్రకే పడవలు కట్టుకుంటూ!

సింగన్నకి ఒక పేరు మిగిలింది. నాచు సింగడు. మావాళ్ళే పెట్టారు. ఆ పేరు అతని కంటే ముందు ఏటికి ఎదురీదింది. మరుసటేడు అతను తెప్ప తెస్తే ఆ మానుల్ని రాజోల్లో ఎవరూ చూడలేదు, కొత్తపేటలో చూడలేదు. ఆ పై ఏడు తెప్పే రాలేదు. ఆనకట్ట పనుల్లో రాళ్ళు మోస్తున్నాడని ఒకరు చెప్పారు. నేను రెండుసార్లు ధవళేశ్వరం ప్రయాణం కట్టాను. రెండుసార్లూ రాజోలు దాటలేదు. అతను నన్ను చూసి ఏం చేస్తాడో అని భయం. కొడతాడని కాదు, "అమ్మగారు బాగున్నారాండీ" అంటాడేమోనని. తరవాత కొండకి వెళ్ళిపోయాడన్నారు. ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు.

ఇక్కడితో అయితే ఇది ఒక మనిషికి చేసిన ద్రోహం. అసలు ఘోరం ఇంకొకటి ఉంది. నేను పాతిన ఆ రెండు గుంజలూ అక్కడే ఉండిపోయాయి. మరుసటేడు మా పనివాళ్ళు నన్నడక్కుండానే మనవాళ్ళ చెక్క లోపలి గుంజకీ, బయటివాళ్ళ చెక్క బయటి గుంజకీ కట్టారు. నేనేదో కారణం ఉండే అలా కట్టించానని వాళ్ళ నమ్మకం. పై ఏడూ అంతే. అదే పద్ధతైపోయింది. గుంజ పుచ్చితే అదే గోతిలో కొత్తది పాతారు. ప్రతి ఏడూ బయటివాళ్ళ కర్ర ఓడిపోయేది. "బయటి కర్ర మెత్తనండి" అని కోనసీమంతా చెప్పుకునే దాకా వచ్చింది. అదంతా నా ఎదురుగా జరుగుతుంటే నేను వేలు రాస్తూ కూర్చున్నాను. ఒక అబద్ధం ఆచారమైపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ తెప్పలవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. పేర్లు అడిగేవాణ్ణి కాదు.

ఇప్పుడు పెద్ద మేస్త్రి మా బావమరిది కొడుకు, నా మేనల్లుడు. నన్ను పెద్దవాడినని పిలిచి కుర్చీ వేస్తారు. ఈ ఏడు ఒక కొండాయన తెప్ప తెచ్చాడు. నడివయసు మనిషి. వచ్చిన రోజున మా ఇంటికి వచ్చి దణ్ణం పెట్టి ఒక చిన్న కుండ తేనె ఇచ్చాడు. తీసుకున్నాను. అలవాటు చొప్పున, ఎందుకిచ్చాడా అనుకున్నాను. నెల తిరిగింది. మొన్న పౌర్ణమికి నా మేనల్లుడు అతని చెక్క మీద వేలు రాసి, పచ్చటి గోరు పైకెత్తాడు. ఆ మనిషి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంటి దగ్గర ఎవరికో ఏదో చెప్పి వచ్చి ఉంటాడు.

నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. "ఆగండి. ఈ పరీక్ష వట్టిది. అది ఎండకి పట్టిన నాచు. ఆ గుంజ నేనే కావాలని ఎండలో పాతేను. రెండు చెక్కలూ మార్చి కట్టి చూడండి" అన్నాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఎవరో కిసుక్కున నవ్వారు. నా మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, నెమ్మదిగా, చాలా మర్యాదగా అడిగాడు.

"తేనె కాక ఇంకేం ఇచ్చేడండీ మావయ్యగారూ?"

నేను ఒట్టేశాను. కళ్ళమీద ఒట్టేశాను. ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా వాళ్ళ కళ్ళలో ఆ అనుమానం స్థిరపడింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, దాన్ని ఈ ఊళ్ళో నాకంటే ఎక్కువ వాడినవాడు లేడు. చెక్కలు మార్చి కట్టమంటే, "పౌర్ణమి దాటిపోయిందండి, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

కొండాయన తాళ్ళు చుట్టుకుంటుంటే వెనకాలే వెళ్ళాను. "తప్పు నీ మానుది కాదయ్యా, నాది" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. అతనికీ నా మీద అనుమానమే. ఈ ముసలాయన నాతో ఏ ఆట ఆడుతున్నాడని.

"ఎన్నేళ్ళ నించీ తెలుసండీ మీకు?" అన్నాడు.

చెప్పాను. అతను తాడు చుట్టడం ఆపలేదు.

అందుకని ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది. మీరు నన్ను క్షమించనక్కరలేదు, ఆ పని మీది కాదు. నమ్మకపోయినా సరే, మావాళ్ళే నమ్మలేదు. కావాలంటే ఒక చెక్క సగానికి తాటాకు చుట్టి ఉప్పునీళ్ళలో కట్టి చూసుకోండి. కానీ ఒక్క మాట మాత్రం నేను చెప్పాల్సిన చోట, చెప్పాల్సిన రోజున చెప్పలేదు. దాన్ని ఇక్కడైనా రాసేస్తే ఈ చెయ్యి కాస్త తేలికపడుతుందేమో. పడుతున్నట్టే ఉంది.

అతని పేరు సింగన్న. అతని మాను మంచిది.